మర్నాటి జవాబు

ఆయన పోయారన్న కబురు నాకు మీటింగులో ఉండగా తెలిసింది. ఆయన దాన్ని మీటింగు అని ఒప్పుకునేవారు కాదు. లాప్‌టాప్ తెర మీద డజను మొహాలు, వాటిలో సగం మొహాలు కూడా కావు, పేర్ల మొదటి అక్షరాలు. ఇంగ్లండులో రీడింగ్ అనే ఊళ్ళో ఒక ఐటీ కంపెనీలో నా ఉద్యోగం. మీటింగులు పెట్టడం, అవి టైముకి మొదలై టైముకి ముగిసేట్టు చూడటం నా పని. ఆ రోజు కూడా చివర్లో నేనే అడిగాను, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని. ఎవరూ మాట్లాడలేదు. "అందరికీ సమ్మతమే" అని టైపు చేస్తుంటే పక్కన ఫోను వెలిగింది. మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో వసుధ మెసేజ్. నాన్న పొద్దున పోయారు. మంగళవారం పదకొండున్నరకి క్రిమటోరియం. స్లాటు అరగంటే, దయచేసి టైముకి రండి.

అరగంట! ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఒక మాట మొదలుపెట్టడానికే అరగంట తీసుకునే మనిషి ఆయన. అంత మనిషిని సాగనంపడానికి అరగంట ఇచ్చిన వాళ్ళెవరో నాకు తెలియదు గానీ, వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. తర్వాత "అందరికీ సమ్మతమే" అన్న ముక్క చెరిపేసి లాప్‌టాప్ మూసేశాను.

మా ఊరు రీడింగ్ దాటాక రైలు మార్గం మీద ఉన్న చిన్న టౌను. అక్కడి తెలుగు పిల్లలు ఆయన్ని సమోసా అంకుల్ అనేవాళ్ళు. ఆయన సమోవాలో పనిచేశారని ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అనుకుంటుంటే విని, ఇక్కడ పుట్టిన పిల్లలు ఆ పేరుని తమకు తెలిసిన తిండి వైపు లాక్కున్నారు. ఆయన ఏమీ అనుకునేవారు కాదు. "ఏ సమోసా? ఉల్లిపాయదా, బంగాళాదుంపదా?" అని ఎదురడిగేవారు. పెద్దవాళ్ళం సమోవా అంకుల్ అనేవాళ్ళం. కాకినాడ మనిషి. మంచినీళ్ళ పైపుల ఇంజనీరు. పసిఫిక్ సముద్రం నడిమధ్యలో అమెరికా పాలన కింద ఉన్న ఆ చిన్న దీవులకి కాంట్రాక్టు మీద వెళ్ళి చాలా ఏళ్ళు ఉండిపోయారు. వయసు పైబడ్డాక, భార్య పోయాక, ఇక్కడ కూతురు వసుధ దగ్గరికి చేరారు. ఆయన చరిత్ర నాకు తెలిసింది ఇంతే. ఆయన ఎలా నడిచేవారో, ఎలా కూర్చునేవారో మాత్రం ఎన్నాళ్ళయినా మర్చిపోలేను.

కూర్చున్న మనుషుల ముందు నుంచి దాటాల్సి వస్తే ఆయన నడుము దాకా వంగేవారు. కుడిచెయ్యి కిందికి చాపి, నేల వైపు చూస్తూ, "తులో, తులో" అని గొణుక్కుంటూ పోయేవారు. కూర్చున్నవాళ్ళ కంటే ఎత్తుగా దాటిపోవడం ఆ దీవుల్లో అమర్యాదట. ఆ మాటకి అర్థం 'క్షమించాలి' లాంటిదట. అక్కడ వదిలేసి రావాల్సిన అలవాటు ఇక్కడికీ తెచ్చుకున్నారు. డాక్టరు క్లినిక్కులో, ఇక్కడ జీపీ సర్జరీ అంటారు, వెయిటింగ్ రూము నిండా జనం ఉంటే ఈ చివర నుంచి ఆ చివరికి అలాగే వంగి వెళ్ళారట. రిసెప్షనిస్టు పాపం నడుం పట్టేసిందనుకుని పరిగెత్తుకొచ్చి, అందరికంటే ముందు డాక్టరు దగ్గరికి పంపబోయిందట. "నేను వచ్చింది చెవి చూపించుకోడానికండి" అని చెప్పి మళ్ళీ అలాగే వంగి వెనక్కి వచ్చి కూర్చున్నారు. ఈ సంగతి వసుధ తల బాదుకుంటూ చెప్పింది. వసుధ హాస్పిటల్లో ఫార్మసిస్టు. డ్యూటీ చార్టు ప్రకారం తిని, దాని ప్రకారమే నిద్రపోయే మనిషి. "నాన్నా, సూటిగా నడు, సూటిగా చెప్పు" అనేది రోజూ.

సూటిగా చెప్పడం ఆయనకి చేతకాదు. ఒక ఉగాదికి మా సంఘం వాళ్ళు ఆయన్ని రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకు చేతిలోకి తీసుకుని, స్టేజీ మీద నిలబడకుండా, బాసింపట్టు వేసుకుని కింద కూర్చున్నారు. నిలబడి మాట్లాడితే మాట బరువు పోతుందని ఆయన నమ్మకం. తర్వాత హాల్లో ఉన్న పెద్దవాళ్ళనందరినీ పేరుపేరునా పలకరించడం మొదలుపెట్టారు. ఫలానా ఊరి వారు, ఫలానా ఏటి ఒడ్డు వారు, ఫలానా వారి ఆడపడుచు. మూడో వరసకి వచ్చేసరికి పిల్లలు క్రిస్ప్స్ ప్యాకెట్ల వైపు పరిగెత్తారు. కార్యదర్శి వాచీ చూపించాడు. చివరికి అందరూ కలిసి చప్పట్లు కొట్టి ఆయన్ని దించేశారు. ఆయన కూడా నవ్వుతూ చప్పట్లు కొట్టారు. అసలు ఆ రోజు ఏం చెప్పదలుచుకున్నారో ఎవరికీ తెలియలేదు.

ఎదుటివాళ్ళు మాట పూర్తిచేశాక కూడా ఆయన కాసేపు ఆగేవారు. ఫోన్‌లో అయితే లైను కట్టయిందేమో అనుకునేదాన్ని.

"అంకుల్, ఉన్నారా?"

"ఉన్నానమ్మా. నీ మాట ఇంకా అవలేదేమో అని."

గురువారాలు నాకు ఇంటి నుంచి పని. మధ్యాహ్నం ఆయన్ని కారులో హాలు నుంచి ఇంటికి దింపేదాన్ని. హాలు సంగతి తర్వాత చెప్తాను. ఒకరోజు కారులో నా ఆఫీసు మీద విసుక్కుంటున్నాను. అమెరికా నుంచి మా పైవాళ్ళు వస్తారు, మాట్లాడింది తక్కువ, తేల్చేసింది ఎక్కువ, అని. ఆయన తన పద్ధతిలో కాసేపు ఆగి, "నేను ఆళ్ళ మీటింగులు చూసేనమ్మా" అన్నారు. ఆ కథ మొదలైంది అలా. ఒక్కసారిగా చెప్పలేదు. ట్రాఫిక్కుని బట్టి చెప్పారు. ఎర్రలైటు పడితే నాలుగు మాటలు, రోడ్డు ఖాళీగా ఉంటే మౌనం.

ఒక పల్లెలో నీళ్ళ ట్యాంకు కట్టాలి. అమెరికా ఆఫీసర్లు కొండవాలు మీద ఒక చోటు ఎంచారు. ఆ నేల ఏ ఒక్కరిదీ కాదు, వంశం మొత్తానిది. వంశానికి పెద్దలుంటారు, మటాయ్ అంటారు వాళ్ళని. వాళ్ళతో మాట్లాడటానికి ఆఫీసర్లు విమానంలో దిగారు. ఈయన కొలతలు తీసుకునే ఇంజనీరుగా వెంట వెళ్ళారు. గోడల్లేని పెద్ద ఇల్లు, చుట్టూ గుండ్రంగా స్తంభాలు. ఏ స్తంభం దగ్గర ఎవరు కూర్చోవాలో తాతల నాటి నుంచీ ఒక వరస ఉంది. ఆఫీసర్లు గాలి బాగా తగిలే చోట కూర్చున్నారు. ఒకాయన మోకాళ్ళు నొప్పెట్టి, అక్కడ అది అమర్యాదని తెలియక, కాళ్ళు బార్లా చాపాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఒక ముసలమ్మ మెల్లగా వంగి వచ్చి ఆ కాళ్ళ మీద ఒక చాప కప్పి పోయింది.

"ఆయన థాంక్యూ అన్నాడమ్మా. చలేస్తుందని కప్పిందనుకున్నాడు" అని అంకుల్ నవ్వారు. ఆ నవ్వు సంతోషంగా లేదు.

అక్కడ పెద్దాయన తన నోటితో మాట్లాడడు. ఆయన తరఫున మాట్లాడటానికి వేరే ఒక పెద్దమనిషి ఉంటాడు, మాటల మనిషి. అతను సముద్రాన్ని పొగిడాడు, విమానాన్ని పొగిడాడు, ఆఫీసర్లని కన్న తల్లుల్ని పొగిడాడు. వేరు నలగ్గొట్టి నీళ్ళలో పిసికిన పానీయం కొబ్బరి చిప్పల్లో ఇచ్చారు. ఆఫీసర్లు వాచీలు చూసుకున్నారు. సాయంత్రం విమానం ఉంది. వాళ్ళలో పెద్ద ఆఫీసరు ఓపిక పట్టలేక మాటల మనిషిని దాటి నేరుగా పెద్దాయన్నే అడిగాడు, చోటు ఇవ్వడం మీకు ఇష్టమేనా అని. పెద్దాయన సముద్రం వైపు చూశాడు. మాటల మనిషి మళ్ళీ పొగడ్త అందుకున్నాడు. తర్వాత భోజనాలు. మోయలేనన్ని బుట్టల నిండా చేపలు, దుంపలు కట్టిచ్చారు. ఎంత మంచి జనం, ఒక్కడూ అడ్డు చెప్పలేదు, అనుకుంటూ ఆఫీసర్లు విమానం ఎక్కారు.

"మర్నాడు పొద్దున్నే వచ్చేరమ్మా ఆళ్ళు" అన్నారు అంకుల్. ఆ రోజు రైల్వే గేటు పడింది కాబట్టి ఈ ముక్క ఆగకుండా విన్నాను. "గెస్ట్‌హౌసుకి వచ్చేరు. పెద్దలందరూ. మాటల మనిషి చేతిలో కర్ర, భుజం మీద కొబ్బరిపీచు కుచ్చు. జవాబు తెచ్చేరు. అతిథి చేతిలో చిప్ప పెట్టి కాదనకూడదు కదా, అందుకని ముందురోజు చెప్పలేదు. ఆ చోట ఆళ్ళ తాతల సమాధులున్నాయమ్మా, అక్కడొద్దు, ఊట పక్కన ఇంకో చోటుంది, అది ఊరికే ఇస్తాం అని. ఎవరికి చెప్తారు? విమానం వెళ్ళిపోయింది. ఉన్నది నేనొక్కణ్ణే. నేను పైపుల మనిషినండీ, నాకు చెప్పి లాభం లేదండీ అన్నాను. కూర్చో అన్నాడు మాటల మనిషి. కూర్చున్నాను. ఆఫీసర్లందరికీ చెప్పాల్సిందంతా, ఆళ్ళ పేర్లూ ఆళ్ళ అమ్మల సంగతులతో సహా, నా ఒక్కడికీ చెప్పేడమ్మా. మధ్యాహ్నం దాకా."

"మీరు పైవాళ్ళకి చెప్పలేదా?"

"చెప్పకేం? ఫోన్లో చెప్పేను. వెళ్ళి చెప్పేను. నిన్న మా ఎదురుగా ఒప్పుకున్నారు కదయ్యా అన్నారు. నిన్న మీరు అతిథులండీ అన్నాను. అదేం మాటయ్యా అన్నారు."

ట్యాంకు ఆఫీసర్లు చెప్పిన చోటే కట్టారు. ఆ పల్లెవాళ్ళు ఒక్క మాట అనలేదు. అడ్డుకోలేదు. ఆ కొళాయి నీళ్ళు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఆడవాళ్ళు బకెట్లతో కొళాయి పక్క నుంచే నడిచి పాత ఊట దగ్గరికి వెళ్ళేవారు. ఈయన పైపుల్లో నీళ్ళ పీడనం చూడటానికి వెళ్తే ఎప్పటిలాగే కూర్చోబెట్టి అన్నం పెట్టేవారు.

"నీళ్ళు బాగుండేవమ్మా" అన్నారు. "నేను తాగేవాణ్ణి. నేనొక్కణ్ణే."

గేటు లేచింది. వెనక కారువాడు హారను కొట్టేదాకా నేను కదల్లేదు.

ఇప్పుడు హాలు సంగతి. మా టౌనులో ఒక ట్రస్టు నడిపే పాత భవనంలో చిన్న హాలొకటి గురువారాలు మా పెద్దవాళ్ళకి ఇచ్చేవారు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, టీ కాచే పెద్ద స్టీలు పాత్ర, సరిగ్గా వేడెక్కని రేడియేటరు. అంతకంటే ఏమీ లేదు. కానీ వారమంతా మనవళ్ళతో యెస్, నో, మైండ్ ది స్టెప్ అని తప్ప నోరు మెదపని మనుషులు ఆ ఒక్కపూట నోరారా తెలుగు మాట్లాడుకునేవారు. అష్టాచమ్మా ఆడేవారు, కోడళ్ళని ఆడిపోసుకునేవారు, భజన చేసేవారు. రాజ్యలక్ష్మమ్మ గారు గొంతు కలపందే భజన మొదలయ్యేది కాదు. ఎనభై దాటిన మనిషి, తెనాలి ప్రాంతం ఆవిడ, అందరికీ పెద్ద. ఆవిడ ఏదన్నా తేల్చేదాకా ఎవరూ తేల్చరు. అలాగని ఎవరూ రూలు పెట్టలేదు.

ఆ హాలుని వారం రోజులూ ఒక పసిపిల్లల నర్సరీ బడికి ఇవ్వాలని ట్రస్టు అనుకుంది. మాకు బదులుగా ఊరికి ఆ చివరనున్న ఇంకో సెంటర్లో ఆదివారం సాయంత్రాలు ఇస్తామన్నారు. రెండు బస్సులు మారాలి. వాకర్లతో నడిచేవాళ్ళు, చీకట్లో కళ్ళు కనపడనివాళ్ళు రెండు బస్సులు మారి వెళ్ళరని ఎవరికైనా తెలుస్తుంది. తేల్చేముందు మీ అభిప్రాయం వింటామని, ట్రస్టు మేనేజర్ హెలెన్ ఫలానా గురువారం వస్తుందని కబురొచ్చింది.

ఆవిడకి ఏం చేసి పెట్టాలన్న చర్చ ముందు వారం జరిగింది. గారెలా, బజ్జీలా? అంకుల్ అంతా విని, ఎప్పటిలా ఆగి, కుర్చీలో ముందుకి వంగి అన్నారు.

"ముందు మాట చెప్పేద్దామండి. తర్వాత ప్లేటు ఇద్దాం."

రాజ్యలక్ష్మమ్మ గారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఏవిటయ్యా ఆ మాటలు? గడప తొక్కిన పిల్లకి గుక్కెడు నీళ్ళియ్యకుండా పోట్లాటకి దిగుతామా? అదేం పుటకయ్యా?"

"పోట్లాట కాదండమ్మా. ప్లేటు చేతిలో పెట్టేక మనం కాదనలేమండి. నాకు తెల్సు."

"కడుపునిండాక మాటలు మెత్తగా వస్తయిలే. నువ్వూరుకో."

"సరేనండి. పెద్దవారు మీరు" అని ఊరుకున్నారు. తర్వాత నన్ను పక్కకి పిలిచారు. "అమ్మా, ఆవిడ రాగానే ఒక మాట చెప్పు. ఈళ్ళ జవాబు ఇవాళ రాదు. మళ్ళీ గురువారం వస్తే వినొచ్చు. రెండుసార్లు రావాలి. అంతే."

నేను చెప్పాను. గుమ్మంలోనే, హెలెన్ బూట్లు విప్పుతుండగా చెప్పాను. అందరూ విప్పారని చూసి తనూ విప్పింది, ఎవరూ అడగకుండానే. "అయ్యో, మళ్ళీ రావడానికి నాకు ఖాళీ లేదు. అందుకే ఈ రోజు ప్రతి ఒక్కరి మాటా వింటాను, సరేనా?" అంది. చాలా మంచి అమ్మాయి. ఆమె మీద కోపం తెచ్చుకోవాలని నాకు గట్టిగా ఉండేది. కుదరలేదు. పులిహోరలో మిరపకాయ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గారె ఎలా చేస్తారని అడిగింది. ప్రతి ఒక్కరి పేరూ అడిగి, తప్పుపలికి, మళ్ళీ అడిగి సరిచేసుకుంది. తర్వాత ప్లేటు పట్టుకునే రాజ్యలక్ష్మమ్మ గారి కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని, ఈ మార్పు గురించి మీకేమనిపిస్తోంది అని అడిగింది. నేను తెలుగులో చెప్పాను.

అందరూ రాజ్యలక్ష్మమ్మ గారి వైపు తిరిగారు. ఆవిడ హెలెన్ ప్లేటు వైపు చూశారు.

"పిల్ల ఏం తిన్లా. ఇంకో గారె వెయ్యండే."

నేను ఆ మాటని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఇంకేం చెప్పను? హెలెన్ నవ్వింది. అందరూ నవ్వారు. కడప నుంచి వచ్చిన రెడ్డిగారు నా చెవిలో, "ఆ పాప ఏం జేస్తాది పాపం, పైనోళ్ళు చెప్పినట్ల చేస్తాండాది" అని గొణిగారు. అప్పుడు అంకుల్ కదిలారు. వంగి, తులో అనుకుంటూ అందరి ముందు నుంచీ దాటి, హెలెన్ ఎదురుగా నేల మీద కూర్చుని మొదలుపెట్టారు. హాల్లో ఉన్న ఒక్కొక్కరి పేరూ ఊరూ చెప్పారు. హెలెన్ తల్లిని పొగిడారు, ఇంత మర్యాద నేర్పినందుకు. ఆయన మాటలు ఎటు పోతున్నాయో నాకు తెలుసు. పెద్దావిడ కాదనందే ఆయన కాదనలేరు. హెలెన్‌ని ఇంకాసేపు కూర్చోబెట్టాలి, పెద్దావిడకి ధైర్యం రావాలి. అదే ఆయన ప్రయత్నం. హెలెన్ ఓపిగ్గా వింది. తర్వాత వాచీ చూసుకుంది. ఇంత ఆత్మీయంగా మాట్లాడిన గ్రూపు ఇంకోటి లేదు, మొత్తం మీద అందరూ సానుకూలంగానే ఉన్నారని చెప్తాను, అంది. ఆమె చేతిలో గారెల డబ్బా పెట్టి పంపారు.

అంకుల్ కారు దాకా వెళ్ళారు. కిటికీ దగ్గర వంగి ఏదో చెప్పడం నేను హాలు తలుపులోంచి చూశాను. తిరిగొచ్చాక అడిగితే, "మళ్ళీ గురువారం రమ్మన్నానమ్మా" అన్నారు. "నవ్విందమ్మా."

మళ్ళీ గురువారం రాజ్యలక్ష్మమ్మ గారు పట్టుచీర కట్టుకుని వచ్చారు. అందరూ టైముకి ముందే వచ్చారు. ఎవరి మొహంలోనూ మెతకదనం లేదు. వారమంతా ఫోన్లలో మాట్లాడుకుని ఒక మాట మీదికి వచ్చారు. అంకుల్ కుర్చీలన్నీ గుండ్రంగా వేసి, గుమ్మానికి ఎదురుగా ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు. నేను ట్రస్టుకి ఫోన్ చేశాను. ఈమెయిల్ ముందే పెట్టాను, మళ్ళీ పెట్టాను. అభిప్రాయాలు తీసుకోవడం ముగిసింది, నిర్ణయం అయిపోయింది, మీ అందరి ఆతిథ్యం మర్చిపోలేను అని హెలెన్ నుంచి జవాబొచ్చింది. అది చదివి తెలుగులో చెప్పాను. రాజ్యలక్ష్మమ్మ గారు కొంగుతో మెడ తుడుచుకుని, "టీ పొయ్యండే" అన్నారు.

హాలు ఇంకొన్నాళ్ళు మా చేతిలో ఉంది. ప్రతి గురువారం అంకుల్ ఆ కుర్చీ వేస్తూనే ఉన్నారు. "ఏవండీ, పెళ్ళివారికి పీట వేసినట్టు వేస్తున్నారు, వాళ్ళు రారండీ" అని మిగతావాళ్ళు ఆటపట్టించారు. ఆయన నవ్వారు గానీ కుర్చీ తీయలేదు. "జవాబు ఉందిగా మన దగ్గిర. వినేవాళ్ళు కూర్చోడానికి చోటుండాలి" అన్నారు. చివరి గురువారం కేర్‌టేకర్ కుర్చీలు పేర్చెయ్యమన్నాడు. ఆయన ఆ కుర్చీని అన్నిటికంటే ఆఖర్న పేర్చారు. నాకు చాలా బాధేసింది. గట్టిగా అరవాలనిపించింది, ఎవరి మీద అరవాలో తెలియలేదు.

ఆదివారం సెంటరుకి మొదట్లో నలుగురైదుగురు వెళ్ళారు. వానలు మొదలయ్యాక అదీ మానేశారు. రెడ్డిగారు క్రోయిడన్‌లో ఉన్న కూతురింటికి వెళ్ళిపోయారు. రాజ్యలక్ష్మమ్మ గారు ఇల్లు కదలడం మానేశారు. ఆ పట్టుచీర, ఆ చెప్పని మాట ఆవిడ దగ్గరే ఉండిపోయాయి.

అంకుల్‌ని ఆఖరిసారి చూసింది పోయిన దీపావళి ముందు. వసుధ డ్యూటీలో ఉంది. ఆయనే తలుపు తీశారు. సోఫాకి ఎదురుగా వంటింట్లోంచి తెచ్చిన కుర్చీ ఒకటి ఉంది.

"ఎవరికంకుల్?"

"ఎవరైనా వస్తారని. ఇవాళ నువ్వొచ్చేవు."

నేను అందులో కూర్చున్నాను. బల్ల మీద స్వీట్ల డబ్బా, దాని మీద హెలెన్ పేరు. ఏటా పంపేవారట. ఇంకా ఆవిడకి స్వీట్లేమిటి అని నేను రుసరుసలాడితే, "మంచి పిల్లమ్మా. అప్పుడు ఆ దీవుల్లోనూ రెండు పక్కలా మంచివాళ్ళే. అదే వచ్చింది తంటా" అన్నారు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంక అయిపోయిందనుకుని లేవబోయాను.

"ఆ కొళాయి నీళ్ళు ఇప్పుడైనా తాగుతున్నారంటావా ఆళ్ళు?"

ఏం చెప్పను? తాగుతూనే ఉంటారంకుల్ అన్నాను. ఆయన నమ్మలేదు. నన్ను గుమ్మం దాకా పంపడానికి వచ్చారు. అప్పటికి ఆయన నడుం మామూలుగానే వంగిపోయింది.

మంగళవారం అందరూ టైముకి వచ్చారు. తెల్లబట్టల మధ్య వెనక వరసలో నల్ల కోటుతో ఒకామె ఒంటరిగా నిలబడి ఉంది. హెలెన్. స్వీట్లు పంపడానికి అంకుల్ రాసి పెట్టుకున్న అడ్రసు చూసి వసుధే కబురు పంపిందట. రాజ్యలక్ష్మమ్మ గారు మనవడు పక్కన నడుస్తుంటే, వాకరు తోసుకుంటూ, ఆ పట్టుచీరలోనే వచ్చారు. చావుకి పట్టుచీరేమిటని ఎవరో గుసగుసలాడారు. పంతులుగారు గబగబా మంత్రాలు ముగించారు. క్రిమటోరియం ఆయన ముందుకి వచ్చి, చాలా మెత్తగా, ఎవరైనా రెండు మాటలు చెప్తారా అని అడిగాడు.

ఎవరూ కదల్లేదు. ఆ మౌనం నాకు తెలుసు. పెద్దావిడ ఇంకా నోరు తెరవలేదు. క్రిమటోరియం ఆయనకది తెలియదు. కాసేపు చూసి, తల పంకించి, శవపేటికకి అడ్డంగా పరదా మూసే బటన్ వైపు వసుధకి చెయ్యి చూపించాడు. వెనక తలుపు అద్దంలోంచి తర్వాతి వాళ్ళ కారు కనిపిస్తోంది.

"ఒక్క నిమిషం, మేమింకా ముగించలేదు" అన్నాను. మీటింగులు టైముకి ముగించే నేను.

ఆయన ఇబ్బందిగా గడియారం చూశాడు. వసుధ బటన్ మీద నుంచి చెయ్యి తీసేసింది. "నాన్న ఆగుతారు. వాళ్ళూ ఆగుతారు" అంది.

రాజ్యలక్ష్మమ్మ గారు వెనక్కి తిరిగారు. "ఆ పిల్లని ముందుకి రమ్మను. ఇక్కడ కూచోమను."

హెలెన్ ముందు వరసకి వచ్చి, పెట్టె పక్కన కూర్చుంది. భయంగా నా వైపు చూసింది. ఆవిడ నిలబడలేదు. కూర్చునే, ముందుగా అక్కడున్న వాళ్ళందరినీ పేరుపేరునా పలకరించారు. ఫలానా ఊరి వారు, ఫలానా వారి కోడలు. నేను ఒక్కొక్కటీ ఇంగ్లీషులో చెప్తూ వచ్చాను.

"అమ్మాయ్, ఆ రోజు నువ్వడిగావు" అన్నారు హెలెన్‌తో. "గది ఒదిలేస్తారా అని. నీ చేతిలో ప్లేటుంది. తినే పిల్లకి ఎట్టా చెప్పేది? చెప్పకపోతిమి. ఇదుగో, ఈయన మళ్ళీ రమ్మని నీ కారు దాకా వచ్చి చెప్పాడు. నువ్వు రాకపోతివి. ఇయ్యాల వచ్చావు. చెప్తున్నా విను. ఒదలం. ఆ గది మాక్కావాలి. మాకు ఇంకో చోటు లేదు."

ఆవిడ ఎలా అన్నారో నేనూ అలాగే అన్నాను. గది ఇంకా ఉన్నట్టే, ఇంకా అడిగితే ఇస్తారన్నట్టే. ఆ గదిలో ఇప్పుడు గోడల నిండా నర్సరీ పిల్లల రంగురంగుల బొమ్మలున్నాయని మా ముగ్గురికీ తెలుసు. హెలెన్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. అలా కూర్చోవడం ఎవరి దగ్గర చూసిందో గానీ, వెనక తలుపు తెరుచుకున్నా కదల్లేదు. చివరికి చాలా చిన్నగా ఒక మాట అంది.

"ఏమంటోందే?" అని రాజ్యలక్ష్మమ్మ గారు నన్నడిగారు.

"విన్నానంటోందండీ."

ఆవిడ కొంగు భుజం చుట్టూ లాక్కుని, పెట్టె వైపు ఒకసారి చూశారు.

"సరే. ఇంక పంపించండి ఆయన్ని."